టోక్యో రాత్రులు: కరోకే గదులు, సందుల్లోని బార్లు, చివరి రైలు

పల్నాటి ప్రయాణికుడు:

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మేము నలుగురం ఆఫీసు పనిమీద టోక్యో వెళ్తున్నాము. పగలంతా సమావేశాలతోనే గడిచిపోతుంది కాబట్టి ఊరు చూడటానికి మాకు మిగిలేవి అయిదు రాత్రులు మాత్రమే. బస షింజుకు స్టేషన్‌కు పడమటి వైపున ఇచ్చారు. మాలో ఒకాయన మద్యం ముట్టడు, ఇద్దరు శాకాహారులు, నాకేమో పాటల పిచ్చి. యంత్రం వాద్యం వినిపిస్తుంటే మనమే పాడుకునే కరోకేకు ఒక రాత్రికి ఎంత ఖర్చవుతుంది, భాష రానివాళ్ళు ఎలా నెగ్గుకొస్తారు, తెలుగు పాటలు దొరుకుతాయా, షింజుకులోని రాత్రి వినోదాల పేట కబుకిచో పేరెత్తగానే అందరూ జాగ్రత్త అంటున్నారు గదా, అది నిజంగా అంత భయపడవలసిన చోటేనా అన్నవి నా సందేహాలు. హైదరాబాదులో ఒకసారి కరోకే బారుకు వెళ్ళాను, అక్కడ ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు వేదికెక్కి పాడాలని తెలిశాక గ్లాసు నీళ్ళు తాగి వచ్చేశాను. కనుక అంత ధైర్యం అవసరం లేని మార్గమేదైనా ఉంటే చెప్పగలరు.

నిషికసాయి నివాసి:

ప్రయాణికుడు గారూ, మీ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే తక్కిన సందేహాల్లో సగం దానితోనే తీరిపోతాయి. మన ఊళ్ళలో పాడితే స్నానాలగదిలో పాడుకోవాలి, లేకపోతే పెళ్ళిలో మూడొందల మంది ముందు పాడాలి; ఈ రెండింటికీ మధ్య మరో చోటంటూ లేదు. జపాన్‌లో కరోకే అంటే సరిగ్గా ఆ మధ్య చోటే. ఏడెనిమిది అంతస్తుల భవనం, అంతస్తుకు పదేసి గదులు, ఒక్కొక్క గదిలో ఒక సోఫా, ఒక బల్ల, పెద్ద తెర, రెండు మైకులు, మూలన తాళం వేసుకోవడానికి ఒక తంబురీన్, ఒక జత మరకాస్. మీరు, మీతో వచ్చినవాళ్ళు తప్ప లోపల ఇంకెవరూ ఉండరు. తలుపుకు గాజు బిగించి ఉంటుంది గనుక నడవలో పోయేవాళ్ళకు మీరు నోరు తెరవడం కనిపిస్తుంది గాని పాట పెద్దగా వినిపించదు.

ఖర్చు దగ్గర కొత్తవాళ్ళు బోల్తా పడేది ఒకేచోట. బయట బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉండే అంకె గదికి కాదు, గంటకు కూడా కాదు, తలకు, అరగంటకు. బోర్డు మీద 500 యెన్‌లు అని చూసి నలుగురు రెండు గంటలు కూర్చుంటే బిల్లు 8,000 యెన్‌లు అవుతుంది. దానికి తోడు మనిషికి కనీసం ఒక పానీయం తీసుకోవాలన్న నియమం చాలాచోట్ల ఉంది, అది టీ అయినా సరే. పగటిపూట ధర చాలా తక్కువ, సాయంత్రం పెరుగుతుంది, శుక్ర శనివారాల రాత్రి బాగా పెరుగుతుంది. మీరు రాత్రంతా ఉండదలిస్తే "ఫ్రీ టైమ్" అని అడగండి. ఫ్రీ అన్నారు గదా ఉచితమేమోనని నా మిత్రుడొకడు నిజంగానే సంబరపడ్డాడు. దాని అర్థం, ఒకే మొత్తం కట్టి తెల్లవారుజామున అయిదింటి దాకా గంటల లెక్క లేకుండా ఉండవచ్చునని.

బల్ల మీద పలకలాంటి తెర ఒకటి ఉంటుంది. చాలావాటిలో భాషను ఇంగ్లీషుకు మార్చుకోవచ్చు. పాట వెతకడం, శ్రుతి ఎక్కించడం దించడం, వేగం తగ్గించడం అన్నీ దానిలోనే. గడువు ముగియడానికి పది నిమిషాల ముందు గోడకున్న ఫోను మోగుతుంది. అవతలివాళ్ళు చెప్పేది ఏమీ అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఇంకాసేపు ఉండాలనుకుంటే "ఎన్‌చో" అనండి, వెళ్ళిపోదలిస్తే "దైజోబు" అనండి.

కొల్లేటి కొంగ:

శాకాహారుల కోసం రెండు మాటలు. కరోకే గదికి తిండి తెప్పించుకోవచ్చు గాని పట్టికలో శాకాహారమని నమ్మకంగా చెప్పగలిగినవి తక్కువ. ఉప్పు చల్లిన ఉడికించిన సోయా కాయలు, అంటే ఎదమామె, ఎక్కడైనా దొరుకుతాయి. వేపుడు బంగాళాదుంప ముక్కలు కూడా ఉంటాయి, అయితే కోడిమాంసం వేయించిన నూనెలోనే అవీ వేగుతాయన్న సంగతి పట్టింపు ఉన్నవారు గుర్తుంచుకోవాలి. పులుసులు, సాస్‌లు చూడటానికి ఎంత అమాయకంగా ఉన్నా వాటిలో చేపల రసం ఉంటుంది, ఆ రసాన్ని అక్కడివాళ్ళు మాంసాహారంగా లెక్కపెట్టరు కాబట్టి "చేప ఉందా" అని అడిగితే నిజాయితీగానే లేదంటారు. ముందే ఏ భారతీయ భోజనశాలలోనో కడుపు నింపుకొని వెళ్ళడం నయం.

మద్యం ముట్టని ఆయనకు మాత్రం బెంగ అక్కరలేదు. చాలా కరోకే భవనాల్లో నడవలోనే పానీయాల యంత్రం ఉంటుంది, గ్లాసు పట్టుకెళ్ళి ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు. ఆకుపచ్చగా మెరిసిపోయే మెలన్ సోడా తాగి తెల్లవార్లూ పాడిన బృందాలను నేను చూశాను. తాగాలనుకునేవాళ్ళకు అక్కడ వయసు 20 నిండాలి. కుర్రముఖం ఉన్నవారు పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవాలి.

ఓరుగల్లు బాటసారి:

పైవారి సలహాలన్నీ సబబే, కాని నాకొక అభ్యంతరం ఉంది. ఆరువేల కిలోమీటర్లు ఎగిరిపోయి నలుగురు తెలుగువాళ్ళు ఒక గదిలో తలుపేసుకొని కూర్చుంటే అది ఊరు చూడటం ఎలా అవుతుంది? టోక్యో రాత్రి రుచి తెలియాలంటే గోల్డెన్ గాయ్‌కు వెళ్ళాలి. మీ బస నుంచి నడిచి వెళ్ళవచ్చు, స్టేషన్‌కు తూర్పు వైపున, హనజోనో గుడి పక్కనే ఉంటుంది. ఆరు ఇరుకు సందుల్లో రెండు వందలకు పైగా బార్లు, ఒక్కోదానిలో ఆరో ఎనిమిదో కుర్చీలు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత దొంగబజారుగా మొదలైన పేట అది. చుట్టూ ఆకాశహర్మ్యాలు లేస్తున్నా ఈ రెండంతస్తుల చెక్క ఇళ్ళు నిలిచి ఉన్నాయంటే ఊరికే కాదు. 1980లలో భూముల ధరలు ఆకాశానికంటినప్పుడు వీటికి నిప్పుపెట్టి ఖాళీ చేయించే ప్రయత్నాలు జరిగితే, ఆ పేటను ప్రేమించినవాళ్ళు వంతులవారీగా రాత్రిళ్ళు కాపలా కాశారు.

లోపలికి వెళ్ళేముందు తలుపు మీద రాసింది చదవండి. కూర్చున్నందుకే కొంత రుసుము ఉంటుంది, కొన్నిచోట్ల చిన్న గిన్నెలో తినడానికి ఏదో ఒకటి అడగకుండానే పెట్టి దాని ధర బిల్లులో వేస్తారు. అది మోసం కాదు, అక్కడి ఆనవాయితీ. కొన్ని బార్లు తెలిసినవాళ్ళను మాత్రమే రానిస్తాయి, కాదంటే నొచ్చుకోకుండా పక్క తలుపు తట్టడమే. నలుగురూ ఒకేసారి దూరితే బారు నిండిపోతుంది కాబట్టి ఇద్దరిద్దరుగా విడిపోండి.

పాడాలనే ఉంటే "స్నాక్" అని పిలిచే చిన్న బార్లున్నాయి. గల్లా దగ్గర "మామా" అని అందరూ పిలిచే పెద్దావిడ ఉంటుంది, ఒకే మైకు ఉంటుంది, పాట అయ్యాక బారంతా చప్పట్లు కొడుతుంది. నేను ఒక స్నాక్‌లో, తలాతోకా తెలియని జపనీస్ పాటను లల్లాయి రాగాలతో లాగించినప్పుడు, పక్కనున్న డెబ్బై ఏళ్ళ ముసలాయన మిగతా సగం తానందుకొని నన్ను ఒడ్డున పడేశాడు. అద్దాల తలుపు గదిలో మీకు ఆ ముసలాయన దొరకడు.

మితభాషి:

ప్రయాణికుడు గారు ధైర్యం లేదని మొదటే చెప్పారు. ఆయన్ను ముసలాయన పక్కన కూర్చోబెట్టడం దేనికి?

వేణునాదం:

బాటసారి గారూ, మీ వాదన నాకు నచ్చింది గాని ఒప్పుకోలేను. ఆ గది ఊరికి బయట లేదు, ఊరి మధ్యలోనే ఉంది. పని ముగించుకున్న ఉద్యోగులు, పరీక్షలు రాసిన పిల్లలు, పగటిపూట పదిమంది ముసలమ్మలు, అందరూ వచ్చి కూర్చునేది ఆ గదుల్లోనే. ఒంటరిగా వచ్చి పాడుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే దానికి "హితోకరా" అని ప్రత్యేకంగా పేరే పుట్టింది. నేను ఒసాకాలో ఉద్యోగం చేసిన రెండేళ్ళలో వారానికొకసారి ఒంటరిగానే వెళ్ళేదాన్ని. గల్లా దగ్గర "ఒక్కరేనా" అని అడుగుతారు, "ఒక్కదాన్నే" అంటాము, అంతటితో సరి. జాలిగా చూసేవారెవరూ లేరు. ఒంటరి ఆడది రాత్రి తొమ్మిదింటికి ఏ పలకరింపులూ లేకుండా రెండు గంటలు గొంతెత్తి పాడుకొని ఇంటికి వెళ్ళగలిగిన చోటు నాకు విజయవాడలో దొరకలేదు.

మార్కుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను, ఎందుకంటే అసలు వినోదం అక్కడే ఉంది. యంత్రంలో "సైతెన్" అనే ఏర్పాటు పెట్టుకుంటే తెరపై భాగాన గీతలు పారుతుంటాయి, ఒక్కో స్వరానికి ఒక్కో గీత. మన గొంతు ఆ గీత మీద పడితే మెరుపు, తప్పితే పైనో కిందో వంకర. పాటయ్యాక మార్కులతోపాటు పద్దు కూడా ఇస్తుంది: కంపనం ఎన్నిసార్లు, కింది నుంచి స్వరాన్ని జారుడుగా పట్టుకోవడం, అంటే "షకురి", ఎన్నిసార్లు, గొంతును గిర్రున తిప్పి వదలడం, అంటే "కొబుషి", ఎన్నిసార్లు అని. ఈ కొబుషి వాళ్ళ జానపదాల్లోనూ ఎంకా అనే పాత ధోరణి పాటల్లోనూ ప్రాణం. నేను పన్నెండేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. మొదటిసారి ఒక నెమ్మదైన ఇంగ్లీషు పాటను అలవాటు కొద్దీ గమకాలతో పాడేసరికి, కొబుషి లెక్క ఎప్పుడూ చూడనంత వచ్చింది, శ్రుతిశుద్ధికి మాత్రం యంత్రం నిర్దాక్షిణ్యంగా కోత పెట్టింది. స్వరం నిలకడగా నిలబడాలన్నది దాని సిద్ధాంతం, స్వరం ఊగకపోతే స్వరమే కాదన్నది మా గురువుగారి సిద్ధాంతం. మొత్తానికి 79 వచ్చింది. పక్కనున్న సహోద్యోగి ఏ అలంకారమూ లేకుండా చదును గొంతుతో పాడి 91 తెచ్చుకున్నాడు.

రాత్రిబండి:

కబుకిచో గురించి అడిగారు. ఆ పేరు వెనుక చిన్న తమాషా ఉంది: యుద్ధం తర్వాత అక్కడ కబుకి నాటకశాల కడతామని 1948లో ఆ పేరు పెట్టారు, నాటకశాల రాలేదు, పేరు మాత్రం ఉండిపోయింది. వీధుల్లో నడవడానికి భయపడనక్కరలేదు, దీపాల వెలుగులో అర్ధరాత్రి కూడా జనం కిటకిటలాడుతుంటారు. భయపడవలసింది మిమ్మల్ని పలకరించే మనిషిని చూసి. వీధిలో నిలబడి గిరాకీలను పిలవడం అక్కడ నిషిద్ధం, వాళ్ళ వెంట వెళ్ళవద్దని స్తంభాలకున్న మైకుల్లో చెబుతూనే ఉంటారు, అయినా వాళ్ళు ఉంటారు.

నా అనుభవం చెబుతాను. మేము ముగ్గురం ఒక కరోకే భవనం కోసం వెతుకుతుంటే, మంచి కోటు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి, అక్కడ గదులు ఖాళీ లేవని, పక్కవీధిలో తనకు తెలిసిన చోట 3,000 యెన్‌లకు తాగినంత, పాడినంత అని చెప్పాడు. లిఫ్టు ఎక్కి నాలుగో అంతస్తుకు వెళ్ళాము. ధరల పట్టిక అడిగితే తెస్తానన్నారు, తేలేదు. గంటన్నర తర్వాత బిల్లు 54,000 యెన్‌లు. కుర్చీ రుసుము, సేవా రుసుము, రాత్రి రుసుము, ఆఖరికి ఐసుముక్కలకు కూడా రుసుము. తలుపు దగ్గర ఇద్దరు నిలబడ్డారు. చివరికి పోలీసు ఠాణా దాకా వెళ్ళాము, అక్కడి అధికారి మర్యాదగానే విన్నాడు, మీరూ వాళ్ళూ మాట్లాడుకొని తేల్చుకోవలసిన లావాదేవీ అన్నాడు. సగం కట్టి బయటపడ్డాము. నన్ను ఇప్పటికీ గుచ్చుతున్నది డబ్బు కాదు. ఆ కుర్రాడు ఖాళీ లేవన్న భవనం ముందునుంచే తిరిగి నడిచి వెళ్ళాము, లోపల గల్లా దగ్గర ఒక్క మనిషీ వరుసలో లేడు.

కనుక మీరే వెతుక్కొని, మీరే తలుపు తీసుకొని వెళ్ళిన చోటు దాదాపు ఎప్పుడూ క్షేమమే. ఎవరో తీసుకెళ్ళిన చోటుకు మాత్రం, అతను తెలుగులో పిలిచినా సరే, వెళ్ళవద్దు.

హాన్ నది ఒడ్డున:

విషయం టోక్యోదే అయినా తిరుగుప్రయాణంలో సియోల్‌లో ఆగేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఇక్కడ కరోకే గదులను "నొరెబాంగ్" అంటారు, పాటల గది అని అర్థం. లెక్క గదికి గంటకు ఇంత అని, తలకు కాదు. గడువు అయిపోవస్తుంటే యజమాని అడగకుండానే పది పదిహేను నిమిషాలు కలిపేయడం ఇక్కడి ముచ్చట. నాణేలు వేసి రెండు పాటలు పాడుకొని వెళ్ళిపోయే చిన్న గూళ్ళు కూడా కాలేజీల దగ్గర కోకొల్లలు. మామూలు నొరెబాంగ్‌లో మద్యం అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, కాబట్టి మీలో మద్యం ముట్టని ఆయనకు ఇదే నచ్చవచ్చు.

కొల్లేటి కొంగ:

ఇంతకూ కరోకేను కనిపెట్టిందెవరు? ఫిలిప్పీన్స్ వాళ్ళని ఒకరు, జపాన్ వాళ్ళని ఒకరు నాతో వాదించారు.

నిషికసాయి నివాసి:

ఇద్దరు జపాన్ వాళ్ళకూ ఒక ఫిలిప్పీన్స్ ఆయనకూ వాటా ఉంది. టోక్యోలో నెగిషి షిగెయిచి 1967లో "స్పార్కో బాక్స్" అనే యంత్రం తయారుచేశారు. ఆయన నూరేళ్ళు బతికి 2024 జనవరిలో పోయారు. కోబెలో ఇనొవె దైసుకె బార్లలో పాటలకు వాద్యం వాయించేవారు. ఊరికి వెళ్తూ మీ వాద్యం నాకు కావాలన్న ఒక ఖాతాదారు కోసం టేపు మీద రికార్డు చేసి ఇచ్చిన అనుభవంతో 1971లో నాణెం వేస్తే పాటకు వాద్యం వినిపించే యంత్రాలు పదకొండు చేయించి బార్లకు అద్దెకిచ్చారు. పేటెంటు తీసుకోలేదు. 2004లో ఆయనకు, నోబెల్‌ను సరదాగా అనుకరించే ఇగ్ నోబెల్ బహుమతుల్లో శాంతి బహుమతి వచ్చింది, ఇతరుల పాటను సహించడం మనుషులకు నేర్పినందుకట. పేటెంటు తీసుకున్నది ఫిలిప్పీన్స్‌కు చెందిన రొబెర్తో దెల్ రొసారియో, 1980లలో. గదులుగా విడిపోవడం మాత్రం 1980ల నడుమ ఒకయామాలో, సరుకు రవాణా కంటైనర్‌ను గదిగా మార్చి పెట్టడంతో మొదలైంది.

ఇక తెలుగు పాటల సంగతి. యంత్రంలోని జాబితా మీద ఆశ పెట్టుకోవద్దు. మేము చేసే పని ఒకటే: ఫోనులోని వీడియోను తెరకు పంపే హెచ్‌డీఎంఐ తీగ ఒకటి, మీ ఫోనుకు సరిపడే అడాప్టరు ఒకటి తీసుకెళ్ళడం. ఫోను కలపడానికి వీలున్న గది కావాలని గల్లా దగ్గరే అడగండి. అక్కడివాళ్ళు ఇచ్చిన గదిలో తీగ పెట్టి, తెరను ఆ వైపుకు మార్చి, పాటల వాద్యం మాత్రమే ఉన్న వీడియో నడపవచ్చు. మైకులు యంత్రానివే కాబట్టి గొంతు గంభీరంగా వస్తుంది, వాద్యం తెర స్పీకర్లలోంచి పీలగా వస్తుంది. అప్పుడు మైకు శబ్దం తగ్గించుకోవాలి, ఫోను శబ్దం పెంచకూడదు. మాటలు నోటికి రావాలి, లేకపోతే రెండో ఫోనులో పెట్టుకోవాలి.

చివరి రైలు విషయం మరిచిపోయాను. అర్ధరాత్రి దాటిన కాసేపటికి రైళ్ళు ఆగిపోతాయి, మళ్ళీ అయిదింటికి దగ్గరగా మొదలవుతాయి. షింజుకులో ఉంటే మీరు నడిచే వెళ్ళిపోవచ్చు, షిబుయా పేటలో ఉండిపోతే టాక్సీకి రాత్రి పదింటి నుంచి 20 శాతం అదనం పడుతుంది. అన్నట్టు షిబుయా స్టేషన్ పరిసరాల్లో సాయంత్రం ఆరు నుంచి ఉదయం అయిదు దాకా వీధిలో మద్యం తాగడాన్ని 2024 అక్టోబరు నుంచి నిషేధించారు.

పల్నాటి ప్రయాణికుడు:

తిరిగి వచ్చి మూడు రోజులైంది. అందరికీ రుణపడి ఉన్నాను గనుక వివరంగానే రాస్తాను.

మొదటి రెండు రాత్రులు నిద్రకే సరిపోయాయి. మూడో రాత్రి గోల్డెన్ గాయ్‌కు వెళ్ళాము. బాటసారి గారు చెప్పినట్టే ఇద్దరిద్దరుగా విడిపోయాము, నాకు దొరికిన బారులో ఆరు కుర్చీలు, మెట్లు నిచ్చెనకంటే నిటారు, కోటు తగిలించుకోవడానికి మేకు నా నెత్తి మీదే. పాట లేదు, నేనూ అడగలేదు. కానీ పక్కనున్న వడ్రంగి తన ఫోనులో తాను చేసిన తలుపులన్నీ నాకు చూపించాడు, నేను మా ఊరి మిరపకాయల కళ్ళం చూపించాను. ఒక్క మాటా కలవకుండా గంట గడిచింది. కబుకిచోలో మమ్మల్ని నలుగురు పిలిచారు, రాత్రిబండి గారి ఐసుముక్కలు గుర్తొచ్చి తల తిప్పకుండా నడిచాము.

శుక్రవారం రాత్రి పదకొండింటికి ఫ్రీ టైమ్ తీసుకున్నాము. మాకు ఆరో అంతస్తులో ఏడో గది ఇచ్చారు. మొదటి అరగంట ఎవరూ మైకు ముట్టుకోలేదు. నలుగురం పలకను ఒకరికొకరం అందించుకుంటూ, "నువ్వు కానీ" అంటే "నువ్వు కానీ" అనుకున్నాము. గదిలో పరాయివాళ్ళెవరూ లేరు, అయినా సిగ్గుపడటానికి ఈ ముగ్గురు చాలునని అప్పుడు తెలిసింది. ఆఖరికి నేనే తీగ కలిపి చిన్నప్పటి యుగళగీతం ఒకటి పెట్టి రెండు గొంతులూ నేనే పాడాను. చరణానికి వచ్చేసరికి ఆడగొంతు అవతలి సోఫా నుంచి అందుకుంది. ఆఫీసులో మూడేళ్ళుగా పని తప్ప మరో మాట మాట్లాడని మా బృందనాయకుడు, మద్యం ముట్టని ఆయనే, మెలన్ సోడా గ్లాసు పట్టుకొని కళ్ళు మూసుకొని పాడుతున్నారు. ఆ తర్వాత మైకు ఆయన చేతుల్లోంచి తీసుకోవడానికి మాకు వేకువ నాలుగైంది.

ఫోను మోగినప్పుడు "ఎన్‌చో" అనబోయాను, ఇక పొడిగించడం కుదరదట, మూసేస్తున్నారు. పానీయాలతో, ఎదమామెతో కలిపి తలకు 3,900 యెన్‌లు పడ్డాయి. బయటికి వస్తే చెత్తసంచుల మీద కాకులు, మొదటి రైలుకు పోయే జనం. వేణునాదం గారూ, మీ సైతెన్ పెట్టుకుని ఒక ఇంగ్లీషు పాట పాడాను, 68 వచ్చింది, కొబుషి సున్నా.

నిషికసాయి నివాసి:

సంతోషం. తీగ జాగ్రత్తగా వెనక్కి తెచ్చుకున్నారా? మా వాళ్ళు ఏటా ఒకటి అక్కడే వదిలేస్తారు.

పల్నాటి ప్రయాణికుడు:

మీరు అడిగాక సంచి వెతికాను. అడాప్టరు ఉంది, తీగ లేదు.